అంబాసిడర్ పునరుద్ధరణ – 5వ పాఠం: ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలపడం

గత పాఠంలో పాత ఇంజన్‌ను దించి, దాని స్థానంలోకి రావలసిన 1489 సీసీ ఇంజన్‌ను పరీక్షించి సిద్ధం చేసుకున్నాం. 1990ల్లో అంబాసిడర్‌కు వచ్చిన ఇసుజు ఇంజన్ బలమైనదే గాని, దాని మౌంటింగులూ గేర్‌బాక్సూ వేరు కాబట్టి పాత బండిలో కోతలూ వెల్డింగులూ తప్పవు. పైగా 2021 నాటి వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన బండికి ఆ గుర్తింపు రావాలంటే ఇంజన్‌లోగాని బాడీలోగాని పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అందుకే అదే రకం ఇంజన్‌ను ఎంచుకున్నాం. నంబరు మాత్రం మారుతుంది కనుక ఆర్‌సీలో దానిని నమోదు చేయించుకోవాలి.

మన ఊళ్లలో వేపకొమ్మకు చైన్ పుల్లీ వేలాడదీసి ఇంజన్ ఎత్తే అలవాటు ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఒక టన్ను మోయగల పుల్లీని గట్టి ఇనుప స్టాండుకే తగిలించండి.

ఇక అసలు పని క్లచ్ ప్లేటుది. ప్లేటు మధ్యనున్న బొడ్డు పొడవైన వైపు గేర్‌బాక్సుకు ఎదురుగా ఉండాలి. క్లచ్ ప్లేటును అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగించేముందు, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనుకనుండే బరువైన చక్రానికి) సరిగ్గా నడిమధ్యకు తేవాలి. దీనికి వరంగల్ ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణాలు వెతికి, ఇదే గేర్‌బాక్సు తాలూకు అరిగిన మొదటి షాఫ్టు (క్లచ్ ప్లేటులోకి దూరే ఇరుసు) ఒకటి సంపాదించుకుంటే అంతకు మించిన పనిముట్టు లేదు. దానిని ప్లేటు గుండా క్రాంక్ (ఇంజన్ తిప్పే ప్రధాన ఇరుసు) చివరనున్న బుష్‌లోకి దూర్చి ఉంచి, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించండి. స్ప్లైన్లకు (షాఫ్టు మీద పొడవునా ఉండే పళ్లకు) గ్రీజు పూత పలుచగా చాలు; ఎక్కువైతే అది చిమ్మి క్లచ్ లైనింగు మీద పడుతుంది.

బండిలోనే ఉన్న గేర్‌బాక్సు కింద చెక్కముక్క పెట్టి, జాకీతో దానిని ఇంజన్ ఎత్తుకు తీసుకురండి. బ్యాటరీ తీగ తీసే ఉందని మరోసారి చూసుకోండి. ఇంజన్ వెనుక భాగాన్ని ముందుగా దించుతూ, గేర్‌బాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటులోకి ప్రవేశించే వరకు చేతితోనే నెట్టండి. స్ప్లైన్లు కలవకపోతే బండిని గేరులో వేసి, క్రాంకును కొద్దిగా తిప్పి చూడండి. మిగిలిన సందును బోల్టులతో లాగి మూయాలని మాత్రం ఎన్నడూ ప్రయత్నించకండి. తొలి రోజుల్లో నేను ఆ తొందరే పడి, బోల్టులు సగం ఎక్కకముందే పుల్లీ వదులు చేశాను. ఇంజన్ బరువంతా ఆ షాఫ్టు మీద పడి, క్లచ్ ప్లేటు బొడ్డు వంగిపోయింది. ఆ తరువాత మొదటి గేరులో కదిలిన ప్రతిసారీ బండి వణికేది. మళ్లీ మొత్తం విప్పక తప్పలేదు. చుట్టూ ఉన్న బోల్టులన్నీ ఎక్కి, రెండు ముఖాలూ పూర్తిగా ఆనుకునేదాకా బరువు పుల్లీ మీదనే ఉండాలి.

మౌంటింగ్ రబ్బర్లు కొత్తవే వేయండి. మా వరంగల్ ఎండలకు పాతవి పగిలి గట్టిపడి ఉంటాయి. రబ్బరు కరెంటును పోనివ్వదు కాబట్టి ఇంజన్ నుండి బాడీకి ఎర్త్ పట్టీ తప్పక బిగించాలి. అది మరచిపోతే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుని, దానిని కాల్చివేస్తుంది.

బండిని న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గులు తీసి, ముందు నుండి హ్యాండిల్ వేసి రెండు చుట్లు తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరిగితే పని సరిగా జరిగినట్లే. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ అమరికను 6వ పాఠంలో చేపడదాం.