మాగిన చీజుతో ఆపిల్: మన ఎండల్లో తినే పద్ధతి

దోర మామిడికాయ ముక్కకు ఉప్పుకారం అద్దుకుని తినడం చిత్తూరు సీమలో ఎవరికీ నేర్పవలసిన పని కాదు. ఆపిల్ ముక్క మీద బాగా మాగిన చీజును పలుచగా పెట్టుకుని తినడం కూడా ఆ కోవలోదే; పండులోని తీపికీ పులుపుకూ ఎదురుగా ఉప్పును నిలబెట్టడమే అందులోని కిటుకు. ఈ సంగతి నాకు ఆలస్యంగా, అదీ కరెంటు పోవడం వల్ల తెలిసింది.

కొన్నేళ్ల కిందట ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉండే మా తమ్ముడు దీపావళికి తిరుపతి వస్తూ పద్దెనిమిది నెలలు మాగిన చెడ్డార్ గడ్డ ఒకటి తెచ్చాడు. ఆ చీజుకు పేరిచ్చిన చెడ్డార్ అనే పల్లె వాడుండే చోటికి దగ్గరలోనే, సోమర్సెట్‌లో ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ముక్క కోసి ఇస్తే అమ్మ కొరికి, “ఏందిరా ఇది, సబ్బు మాదిరిగా ఉండాది” అని పక్కన పెట్టేసింది. నాకూ అలాగే అనిపించింది. మరునాడు వానకు కరెంటు పోయి మధ్యాహ్నం దాకా రాలేదు. గడ్డ పాడవుతుందేమోనన్న బెంగతో బయటికి తీసి, ఇంట్లో ఉన్న కిన్నౌర్ ఆపిల్‌తో కలిపి తింటే, ముందురోజు ఏ రుచీ తెలియని ఆ చీజులోనే వేయించిన వేరుశనగ, కాచిన వెన్న, చివర కొద్దిపాటి పులుపు ఒకదాని వెంట ఒకటి తెలిశాయి. అక్కడక్కడ పంటి కింద పలుకులు కరకరలాడాయి. అవి ఉప్పు కాదు. చీజు మాగేకొద్దీ అందులో పేరుకునే కాల్షియం లాక్టేట్, టైరోసిన్ అనే పదార్థాల స్ఫటికాలు.

కాబట్టి మొదటి నియమం: చీజును చల్లగా తినకూడదు. చల్లదనానికి కొవ్వు గట్టిపడి వాసనను పట్టి ఉంచుతుంది. చలి దేశాల వారు తినడానికి గంట ముందు బయట పెట్టమంటారు గానీ, మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ మాట నమ్మితే గడ్డకు నూనె చెమట పడుతుంది. ఎండాకాలంలో పదిహేను ఇరవై నిమిషాలు, వానాకాలంలోనూ చలికాలంలోనూ ముప్పావు గంట చాలు. గడ్డంతా తీయవద్దు, ఆ పూటకు కావలసినంత, మనిషికి ముప్పై గ్రాముల చొప్పున, కోసుకుని మిగిలింది లోపల పెట్టేయాలి. ఉప్పు ఎక్కువగా ఉండే వస్తువు కనుక రక్తపోటు ఉన్నవారు అందులోనూ సగంతో ఆగడం మంచిది.

ఏ చీజు కొనాలి అన్నది రెండో ప్రశ్న. బడిపుస్తకాల్లో చీజును జున్ను అని రాస్తారు. ఎనుము ఈనిన కొత్తలో వచ్చే పాలతో చేసుకునే మన జున్నుకూ దీనికీ పోలికే లేదు. పిల్లల డబ్బాల్లో పెట్టే చీజు ముక్కలు కూడా ఇక్కడ పనికిరావు. అవి చీజును కరిగించి, లవణాలు కలిపి మళ్లీ పోసిన ప్రాసెస్డ్ రకం. ఎన్నాళ్లు ఉంచినా మాగవు. పొట్లం మీద ఎన్ని నెలలు మాగిందో రాసిన చెడ్డార్ గానీ గౌడా గానీ తీసుకోండి. తొమ్మిది నెలలకు తక్కువైతే ఆపిల్ పక్కన తేలిపోతుందని నా అనుభవం. ఆకుపచ్చ గుర్తు కూడా చూసుకోవాలి, ఎందుకంటే పాలను విరిచే రెనెట్‌ను పూర్వపు పద్ధతిలో దూడ పొట్టనుంచి తీస్తారు. కనీసం పన్నెండు నెలలు మాగే అసలైన పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజును నేటికీ దానితోనే చేస్తారు. పెరటాసి నెలలో (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) గుడ్డు కూడా ముట్టని ఇళ్లలో ఈ విషయం ముందే చెప్పడం మర్యాద.

ఆ పెరటాసే కాశ్మీరు, హిమాచల్ కొత్త కాయలు బాగా దొరికే కాలం కూడా. ఎర్రదనం చూసి మోసపోకుండా కాయను చేతిలో పట్టి బరువు చూడండి. ముచ్చిక చుట్టూ తోలు ముడతలు పడకుండా, వేలితో మీటితే గట్టిగా పలకాలి. రాయల్ డెలీషియస్ కొత్తలో బాగుంటుంది గానీ నిలవ ఉంటే పిండి పిండిగా మారుతుంది, పైగా దానిలో పులుపు తక్కువ. ఫ్యూజీ, గాలా కరకరలాడతాయి. పులుపు ఇష్టపడేవారికి పచ్చని గ్రానీ స్మిత్‌ను మించింది లేదు. బయట బుట్టలో ఉంచిన ఆపిల్ త్వరగా మెత్తబడుతుంది కనుక, కొన్న రోజే ఫ్రిజ్‌లో వేయాలి.

కోయడం చివరి పని. ఆపిల్‌ను తోలుతోనే అర అంగుళం మందాన చీల్చి, రంగు మారకుండా చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో ఒక నిమిషం ముంచి తుడవాలి. చీజును దానికంటే పలుచగా కోయాలి. మందంగా కోస్తే పండు రుచి అణిగిపోతుంది. బెల్లం, తేనె జోడించి చూశాను, రెండూ అనవసరం. వేయించిన వేరుశనగ పప్పులు నాలుగు మాత్రం బాగా కుదిరాయి.

మిగిలిన చీజును బటర్ పేపర్‌లో చుట్టి డబ్బాలో పెట్టండి. ఇలాంటి గట్టి చీజుకు బూజు పడితే దాని చుట్టూ, లోతుగా అంగుళం మేర కోసి పారేసి తక్కినది తినవచ్చు. తురిమిన దానికి పడితే అంతా పారేయవలసిందే. డీప్ ఫ్రిజ్‌లో పెడితే తర్వాత పొడిపొడిగా రాలుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో దొరికే కాశ్మీరు, హిమాచల్ ఆపిల్ నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉండి వచ్చినదే. ఆ రోజుల్లో నేను దాని జోలికి పోకుండా దోర బెంగళూరా మామిడిని పలుచగా కోసి దానిమీద చెడ్డార్ పెడతాను. అమ్మ ఇప్పుడు పొట్లం మీది ఆకుపచ్చ గుర్తు తానే చూసుకుని, ముక్క మీద కాస్త కారం చల్లుకుని తింటుంది.