చేపల చెరువులో నీటి రంగు: కాలాన్ని బట్టి సమస్యలు, పరిష్కారాలు

కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో శీలావతి, బొచ్చె చేపలు పెంచే రైతులు నీటి రంగు చూస్తారు గానీ, దాన్ని నెలతో కలిపి చూసేవారు తక్కువ. ఫిబ్రవరిలో మేలు చేసే పచ్చదనమే మే నెలలో ముదిరితే ముప్పు.

ముందు చేతి పరీక్ష. ఎండ బాగా కాసే వేళ చేయి నిటారుగా నీటిలో ముంచండి. మోచేయి మునిగే లోతులో అరచేయి కనుమరుగైతే ప్లాంక్టన్ (నీటిలో తేలాడే సన్నని నాచు, చిన్న జీవులు) సరిపడా ఉన్నట్టు. మణికట్టు మునగగానే కనుమరుగైతే ఎక్కువ, మోచేయి దాటినా కనిపిస్తే తక్కువ. బురదనీటిలో ఈ పరీక్ష చెల్లదు.

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి

కారణం: ప్లాంక్టన్ ముదిరింది. పగలు ప్రాణవాయువు ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజున తయారీ తగ్గినా వాడకం తగ్గదు. అందుకే సూర్యోదయానికి ముందు కొరత తీవ్రమవుతుంది.

పరిష్కారం: వెంటనే ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయండి. అవి లేకపోతే చెరువు నీటినే పంపుతో తోడి, గాలిలో చిమ్మేలా తిరిగి పోయండి. మేత, ఎరువు ఆపండి. వేసవి ముదిరేలోపే పేడ తగ్గించి ఉంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది.

గాలివాలు మూలలో చిక్కటి ఆకుపచ్చ తెట్టు

వేసవి ఎండకు, మిగులు మేతకు నీలి ఆకుపచ్చ నాచు విజృంభించింది. తెట్టును గుడ్డ వలతో తీసేయండి, మేత తగ్గించండి, వీలైతే కొంత నీరు మార్చండి. మందుతో ఒక్కసారిగా చంపకండి. చచ్చిన నాచు కుళ్లుతూ, నీటిలో ఉన్న ప్రాణవాయువును మింగేస్తుంది. పచ్చటి నీరు రాత్రికి రాత్రే గోధుమరంగుకు తిరిగినా ఇదే ప్రమాదం.

వర్షాల తర్వాత నీరు ఎర్రబడి చేపలు ఎదగడం లేదు

బురద వెలుతురును అడ్డుకుంటోంది. ఇప్పుడు ఎరువు వేయడం వృథా. గట్ల మీది నీరు లోపలికి రాకుండా చూసి, బురద అడుగుకు దిగాకే ఎరువు వేయండి. సున్నం, సూపర్ ఫాస్ఫేట్ ఒకేసారి వద్దు. సున్నం భాస్వరాన్ని పట్టేస్తుంది, కనీసం వారం ఎడం ఉండాలి.

చలికాలంలో నీరు తేటగా ఉంది

చలికి పేడ నెమ్మదిగా కుళ్లుతుంది, ప్లాంక్టన్ నెమ్మదిగా పెరుగుతుంది. తొందరపడి పేడ గుమ్మరిస్తే అదంతా అడుగున నిల్వ ఉండి, ఎండలు రాగానే ఒక్కసారిగా పని చేస్తుంది. వేసవి కష్టాలకు బీజం చాలా చెరువుల్లో ఇక్కడే పడుతుంది. కొద్దికొద్దిగా, విడతలుగానే వేయండి.

శీలావతి ఎదుగుతోంది, బొచ్చె ఎదగడం లేదు

బొచ్చె పైనీటిలోని జంతు ప్లాంక్టన్‌ను తింటుంది. నీరు పచ్చగా ఉన్నా అది కొరవడి ఉండవచ్చు. ప్లాంక్టన్ వలలో నీరు వడకట్టి, గాజు గొట్టంలో పోసి వెలుతురులో చూడండి. గెంతులు వేస్తూ కదిలే చిన్న జీవులు తక్కువగా ఉంటే, ఆ పంటకు బొచ్చె పిల్లల సంఖ్య ఎక్కువైనట్టే.