కట్టుబడిలో ఉన్న గేమ్: ఎర్లీ యాక్సెస్‌కి ఏ స్టోర్ మేలు

ఎర్లీ యాక్సెస్ అంటే గేమ్ ఇంకా తయారవుతుండగానే అమ్మడం. అలాంటి గేమ్ కొనడం అంటే కట్టుబడి పూర్తికాని ఇంట్లో దిగడమే. గోడలు లేచాయి, స్లాబు పడింది, కిటికీలు ఇంకా బిగించలేదు. అందుకే స్టీమ్, ఎపిక్, జీఓజీ, ఇచ్ అనే పీసీ గేమ్ స్టోర్లలో ఏదన్నది ధర ఒక్కటే చూసి తేల్చుకోకూడదు. కొన్నాక రెండు మూడేళ్లపాటు అప్‌డేట్లు ఎలా దిగుతాయి, నచ్చకపోతే డబ్బు ఎలా వెనక్కి వస్తుంది, కొత్త అప్‌డేట్ చెడగొడితే పాత వెర్షన్‌కి వెళ్లే వీలుందా అన్న మూడూ స్టోర్‌ని బట్టే ఉంటాయి. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండేవాళ్లు వీటికి నెట్టునీ కరెంటునీ కూడా కలుపుకోవాలి.

కొనేది ఎక్కడైనా ముందు స్టీమ్ పేజీ చదవండి

స్టీమ్ ఈ పద్ధతిని 2013 మార్చిలో మొదలుపెట్టింది. అక్కడ ఎర్లీ యాక్సెస్ గేమ్ పేజీలో నీలం పెట్టె ఒకటి ఉంటుంది. ఎందుకు ముందే అమ్ముతున్నారు, ఎన్నాళ్లు పడుతుంది, ఇప్పుడు ఏ మేరకు తయారైంది, పూర్తయ్యాక ధర పెంచుతారా అన్న ప్రశ్నలకు తయారీదారు జవాబులు అందులో ఉంటాయి. ఎపిక్‌లోనో జీఓజీలోనో కొనబోతున్నా సరే, ఈ పెట్టె చదివాకే కొనండి. ఏడాదికి పైగా అప్‌డేట్ రాని గేమ్‌లకు 2025 ఫిబ్రవరి నుంచి స్టీమ్ అక్కడే హెచ్చరిక వేస్తోంది. ఆ హెచ్చరిక కనిపిస్తే ఆ గేమ్ వదిలేయడమే మంచిది.

హెచ్చరిక లేనంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. అప్‌డేట్ల చరిత్ర తెరిచి గత ఆరు నెలల తేదీలు చూడండి. నెలకో రెండు నెలలకో చిన్నదైనా ఒక అప్‌డేట్ వస్తోందంటే పని నడుస్తోందన్నమాట. రాబోయే వాటి గురించి వీడియోలు, బొమ్మలు మాత్రమే వస్తూ దించుకోవడానికి ఏమీ రావడం లేదంటే కొనడం వాయిదా వేయండి. రివ్యూల్లో మొత్తం మార్కు వదిలి 'ఇటీవలి' రివ్యూలు చూడండి. రెండేళ్ల కింద ఉత్సాహంగా రాసిన మెచ్చుకోళ్లు ఇవాళ్టి గేమ్ గురించి ఏమీ చెప్పవు. స్టీమ్‌డీబీ అనే సైట్‌లో భారత్ ధర ఎప్పుడు ఎంత ఉందో, ఫైళ్లు ఎప్పుడెప్పుడు మారాయో తేదీలతో దొరుకుతుంది.

పెద్ద పేరు ఉందని నమ్మడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 పెద్ద పబ్లిషర్ అండతో 2023 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చింది. 2024లో దాన్ని తయారుచేస్తున్న స్టూడియో మూతపడింది, అప్‌డేట్లు ఆగాయి, అమ్మకం మాత్రం ఆగలేదు. దారిన పడ్డవీ ఉన్నాయి. బాల్డర్స్ గేట్ 3 2020 అక్టోబరులో వచ్చి 2023 ఆగస్టులో పూర్తయింది. ఫ్యాక్టోరియో స్టీమ్‌లోకి 2016లో వచ్చి 2020లో పూర్తయింది, దానికి డిస్కౌంట్ అన్నదే ఇవ్వరు. శాటిస్‌ఫ్యాక్టరీ 2024లో పూర్తి విడుదలకు ముందు ధర 30 డాలర్ల నుంచి 40కి పెంచింది. ముందే కొంటే మిగులుతుందన్న మాట కొన్ని గేమ్‌ల విషయంలో నిజమే. అయినా ఇవాళ ఉన్నది ఉన్నట్టుగా ఆ ధర చేస్తుందా అన్నది ఒక్కటే అడగవలసిన ప్రశ్న. రేపు వస్తుందన్న దానికి ఇవాళ డబ్బు కట్టకండి.

డబ్బు వెనక్కి వచ్చే దారి

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడిగితే డబ్బు తిరిగి ఇస్తారు. ఎర్లీ యాక్సెస్‌కి వేరే మినహాయింపు లేదు. స్టీమ్ వాలెట్‌లోకి కావాలా, కట్టిన చోటికే కావాలా అని అడుగుతుంది. కట్టిన పద్ధతి వాపసుకు ఒప్పుకోకపోతే వాలెట్‌లోకే వస్తుంది. ఎపిక్‌లోనూ అవే 14 రోజులు, అవే 2 గంటలు. అయితే పేజీలో ఆ గేమ్ వాపసుకు అర్హమని ఉందో లేదో చూసుకోవాలి. జీఓజీ 2020 ఫిబ్రవరి నుంచి 30 రోజులు ఇస్తోంది, గేమ్ దించి ఆడినా సరే. పూర్తికాని గేమ్‌కి ఇంతకన్నా మంచి షరతు ఇంకెక్కడా లేదు. ఆ ఉదారతను వాడుకుని గేమ్ మొత్తం ఆడేసి డబ్బు అడగడం మాత్రం తప్పు, అలా పదేపదే చేసేవాళ్లకు వాళ్లు కాదనగలరు కూడా. ఇచ్ డాట్ ఐఓలో గడువు లెక్క లేదు, సపోర్ట్‌కి రాసి కారణం చెప్పాలి.

ఆ 2 గంటలు చాలామందికి వృథాగా పోతాయి, ఎందుకంటే స్టీమ్ లెక్కపెట్టేది ప్రోగ్రామ్ తెరిచి ఉన్న సమయాన్ని. షేడర్లు (తెర మీద వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్న 15 నిమిషాలూ, మెనూలో వదిలేసి టీకి వెళ్లిన అరగంటా అందులోకే వస్తాయి. కాబట్టి ఇలా వాడుకోండి. మొదటి 20 నిమిషాలు సెట్టింగ్స్‌కి: గ్రాఫిక్స్ కనిష్ఠానికి తెచ్చి, మీ మెషిన్‌లో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూడండి. కనిష్ఠంలోనే 30 రాకపోతే అక్కడే ఆపి వాపసు అడగండి. తర్వాత అప్‌డేట్‌లో బాగవుతుందని ఆశపడొద్దు, ఎర్లీ యాక్సెస్‌లో కొత్త సరుకు చేరేకొద్దీ గేమ్ బరువెక్కడమే ఎక్కువ. ఆ తర్వాత 50 నిమిషాలు ఆడండి. సేవ్ చేసి, పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి ఆ సేవ్ లోడ్ అవుతోందో చూడండి. విండోస్ యూజర్ పేరు తెలుగులోనో ఒడియాలోనో పెట్టుకుని ఉంటే సేవ్ పడకపోవడానికి అదే కారణం కావచ్చు, కొన్ని గేమ్‌లు ఆ ఫోల్డర్ పేరును చదవలేవు. గంటన్నర దాటేలోపు ఉంచుకోవాలా వద్దా తేల్చుకోండి.

ఒక తికమక ఉంది. డీలక్స్ ఎడిషన్ కొన్నవాళ్లకు మూడు రోజులు ముందుగా ఆడనిచ్చేది ఎర్లీ యాక్సెస్ కాదు, అది అడ్వాన్స్‌డ్ యాక్సెస్. అక్కడ గేమ్ పూర్తయ్యే ఉంటుంది. ఆ మూడు రోజుల ఆట కూడా 2024 ఏప్రిల్ నుంచి 2 గంటల లెక్కలో పడుతోంది.

కట్టడం

స్టీమ్, ఎపిక్ రెండూ రూపాయల్లో ధర చూపిస్తాయి, రెండింటిలోనూ యూపీఐ నడుస్తుంది. ఖాతాలో డబ్బు తెగి గేమ్ రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. వ్యాపారికి నిర్ధారణ చేరని యూపీఐ చెల్లింపు 5 రోజుల్లోపు దానంతట అదే వెనక్కి రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం. ముందు లైబ్రరీ చూడండి, తర్వాత లావాదేవీల పేజీ చూడండి, అప్పటికీ లేకపోతే యూపీఐ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి.

జీఓజీ, ఇచ్ డాలర్లలో తీసుకుంటాయి. అక్కడ అంతర్జాతీయ చెల్లింపులు చేయగల కార్డు కావాలి. కొత్త కార్డుల్లో అంతర్జాతీయ వాడకం మూసే ఉంటుంది, బ్యాంక్ యాప్‌లో దాన్ని మీరే తెరవాలి. పని అయ్యాక మళ్లీ మూసేయండి. ఖర్చు ఇలా పడుతుంది: డాలరు 90 రూపాయలనుకుంటే 20 డాలర్ల గేమ్ 1,800. బ్యాంకు మారకపు రుసుము 3.5 శాతం అయితే 63, దాని మీద 18 శాతం జీఎస్టీ సుమారు 11. మొత్తం 1,874 దాకా. ఇదే గేమ్ స్టీమ్‌లో భారత్ ధరకు తక్కువలో ఉండే అవకాశం ఎక్కువ. ఆ తేడాకు బదులుగా జీఓజీలో మీకు దక్కేది ఇన్‌స్టాలర్ ఫైలు. దాని విలువ మీ నెట్‌ని బట్టి ఉంటుంది.

నెట్టు తేల్చేస్తుంది

రోజుకు 2 జీబీ ప్లాన్ మీద 60 జీబీ గేమ్ దించాలంటే నెల పడుతుంది. 40 ఎంబీపీఎస్ ఫైబర్ అయితే 3 గంటల 20 నిమిషాలు. ఎర్లీ యాక్సెస్‌లో ఇది ఒక్కసారితో అయిపోదు. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ 5, 10, ఒక్కోసారి 30 జీబీ మళ్లీ దిగుతుంది. గుణుపురం హాస్టల్లో వైఫై మీద హాయిగా ఆడిన గేమ్, సెలవులకు కొండ ఊరికి వెళ్లి మొబైల్ హాట్‌స్పాట్ మీద తెరిస్తే అప్‌డేట్ అడిగి ఆగిపోతుంది.

స్టీమ్ సెట్టింగ్స్‌లోని డౌన్‌లోడ్స్‌లో అప్‌డేట్లకు వేళ పెట్టుకోవచ్చు, వేగానికి హద్దు పెట్టుకోవచ్చు. రాత్రి 1 నుంచి 6 అని పెట్టుకుంటే పగటి డేటా మిగులుతుంది. ఊరికి బయల్దేరే ముందు రోజు అన్ని గేమ్‌లూ అప్‌డేట్ చేసి, ఒక్కో గేమ్ ఒకసారి తెరిచి మూసి, ఆ తర్వాతే ఆఫ్‌లైన్ మోడ్‌లోకి వెళ్లండి. కొత్త అప్‌డేట్ ఉందని స్టీమ్‌కి ఒకసారి తెలిశాక అది దింపనిదే గేమ్ తెరవనివ్వదు. ఎపిక్‌లోనూ జీఓజీ వాళ్ల యాప్ గెలాక్సీలోనూ ఆటో అప్‌డేట్‌ని గేమ్ వారీగా ఆపేయవచ్చు.

హాస్టల్ మిత్రులకు స్టీమ్‌లో ఒక మేలైన వసతి ఉంది. 2023లో వచ్చిన లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్‌తో పక్క గదిలో ఇప్పటికే దింపిన గేమ్ మీ మెషిన్‌లోకి నేరుగా వస్తుంది. గేమ్ మీరూ కొని ఉండాలి, రెండు చోట్లా స్టీమ్ తెరిచి ఉండాలి, ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి, ఇచ్చే మెషిన్‌లో ఆ సమయానికి ఆ గేమ్ ఆడుతూ ఉండకూడదు. కాలేజీ వైఫై ఒక మెషిన్‌కి ఇంకోటి కనబడకుండా చేసి ఉంటే ఇది పనిచేయదు. అప్పుడు సొంత రౌటర్ పెట్టి కేబుల్‌తో కలపండి. ఊళ్లో నెట్ లేకపోతే ఎక్స్‌టర్నల్ డిస్క్ దారి ఉంది. గేమ్ ఫోల్డర్‌ని స్టీమ్‌యాప్స్ కింద కామన్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, తర్వాత ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైళ్లను సరిచూసి తేడా మాత్రమే దించుతుంది.

జీఓజీలో ఇంత తంటా ఉండదు. నెట్ బాగున్న చోట ఇన్‌స్టాలర్ దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు, లాగిన్ లేకుండా ఎక్కుతుంది. పెద్ద గేమ్‌ని 4 జీబీ లోపు ముక్కలుగా ఇస్తారు కాబట్టి పాత ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లోనూ పడుతుంది. లోటు ఏమిటంటే, కొంతమంది తయారీదారులు జీఓజీకి అప్‌డేట్ ఆలస్యంగా పంపుతారు, ఇన్‌స్టాలర్‌కి ఇంకా ఆలస్యం కావచ్చు. జీఓజీ పేజీలోని చర్చల్లో ఆ గేమ్ వెర్షన్ నంబరు చూసి స్టీమ్ నంబరుతో పోల్చండి. రెండు వెర్షన్లు వెనకబడి ఉంటే స్టీమ్‌లోనే కొనండి.

హార్డ్ డిస్క్ వాడేవాళ్లకు ఇంకో మాట. డౌన్‌లోడ్ 500 ఎంబీయే అని చూపి, ఆ తర్వాత గంటసేపు డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. గేమ్ సరుకంతా ఒకే 40 జీబీ ఫైలులో కట్టి ఉంటే, చిన్న మార్పుకు కూడా ఆ ఫైలంతా తిరగరాయాలి. అందుకు దాదాపు అంతే ఖాళీ జాగా కావాలి. ఆ మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి. వర్షాకాలంలో యూపీఎస్ లేకుండా పెద్ద అప్‌డేట్ పెట్టకండి. చెడితే గేమ్ తీసేసి మళ్లీ దింపనక్కర్లేదు, స్టీమ్‌లో ప్రాపర్టీస్‌లోనూ ఎపిక్‌లో, గెలాక్సీలో మేనేజ్‌లోనూ వెరిఫై ఉంది. చెడ్డ ముక్కలు మాత్రమే తిరిగి దిగుతాయి.

పాత వెర్షన్, పాత సేవ్

కొత్త అప్‌డేట్ పాత సేవ్‌ని తెరవలేకపోవడం ఎర్లీ యాక్సెస్‌లో మామూలే. స్టీమ్‌లో గేమ్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో బీటాస్ తెరవండి. తయారీదారు పాత వెర్షన్ ఉంచి ఉంటే అక్కడ దొరుకుతుంది, ఉంచకపోతే లేదు. గెలాక్సీలో వెనక్కి వెళ్లే వసతి ఉంది, పైగా మీరు దాచుకున్న పాత ఇన్‌స్టాలర్ ఎప్పటికీ మీ దగ్గరే ఉంటుంది. ఎపిక్‌లో ఇలాంటి దారి లేనట్టే లెక్క. నెలల తరబడి ఒకే ఊరినో ఒకే ఫ్యాక్టరీనో కట్టుకుంటూ పోయే గేమ్ అయితే ఈ ఒక్క కారణంతోనే ఎపిక్‌ని పక్కన పెట్టవచ్చు. రోజుకు అరగంట ఆడి మళ్లీ మొదలుపెట్టే రకం అయితే ఈ తేడా మీకు తగలదు. అప్పుడు ఎపిక్‌లో కూపను ఉంటే అక్కడే కొనండి.

మిత్రులతో ఆడే గేమ్ అయితే పైన చెప్పినదంతా పక్కన పెట్టి, వాళ్లు ఎక్కడ కొన్నారో అడగండి. పాల్‌వరల్డ్ 2024 జనవరిలో వచ్చినప్పుడు స్టీమ్‌లో కొన్నవాళ్లు, ఎక్స్‌బాక్స్ వైపు తీసుకున్నవాళ్లు కలిసి ఆడలేకపోయారు. శాటిస్‌ఫ్యాక్టరీలో స్టీమ్, ఎపిక్ వాళ్లు కలిసే ఆడతారు. 'క్రాస్‌ప్లే' (వేర్వేరు స్టోర్లవాళ్లు కలిసి ఆడే వీలు) అన్న మాట గేమ్ పేజీలో కనబడితేనే వేర్వేరు స్టోర్లలో కొనండి. నెల చందా కట్టే పీసీ గేమ్ పాస్‌లో ఎర్లీ యాక్సెస్ గేమ్ ఉంటే ముందు అక్కడ రుచి చూడవచ్చు. కాకపోతే అక్కడి సేవ్ చాలా గేమ్‌లలో స్టీమ్‌కి రాదు.

ఒకరిద్దరు కలిసి చేసే చిన్న గేమ్‌లకు ఇచ్ మంచి చోటు. అక్కడ స్టోర్ వాటా ఎంతో తయారీదారే నిర్ణయిస్తాడు, మామూలుగా 10 శాతం. స్టీమ్‌లో 30 శాతంతో మొదలవుతుంది. మీరు ఇచ్చే డబ్బు చేసినవాడికే ఎక్కువగా చేరాలనుకుంటే ఇక్కడ కొనండి. కొన్ని గేమ్‌లతో స్టీమ్ కీ (స్టీమ్‌లో వేస్తే గేమ్ తెరుచుకునే కోడ్) కూడా ఇస్తారు, పేజీలో చూసుకోండి.

స్టీమ్ కీలు చౌకగా తిరిగి అమ్మే సైట్ల జోలికి మాత్రం ఎర్లీ యాక్సెస్ గేమ్ కోసం వెళ్లకండి. బయట కొన్న కీకి స్టీమ్ వాపసు వర్తించదు, వేరే దేశానికి కట్టిన కీ ఇక్కడ తెరుచుకోకపోవచ్చు, దొంగ కార్డుతో కొన్నదని తేలితే లైబ్రరీలోంచి పోవచ్చు.

కొన్న రోజే ఒక పని చేసి పెట్టండి. పీసీ గేమింగ్ వికీ అనే సైట్‌లో ఆ గేమ్ సేవ్ ఎక్కడ పడుతుందో చూడండి. యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లోనో, డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ కిందనో ఉంటుంది. క్లౌడ్ సేవ్ ఉందని ఊరుకోకండి, చెడిన సేవ్ కూడా క్లౌడ్‌లోకి ఎక్కి మంచిదాన్ని తుడిచేస్తుంది. పెద్ద అప్‌డేట్ దింపే ముందు ఆ ఫోల్డర్‌ని తేదీ పేరుతో వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. చాలా గేమ్‌లకు అది కొద్ది ఎంబీల పనే.