సముద్రపు గాలిలో వెండి డైములు: మేలైన నాణేన్ని ఎంచుకోవడం, కాపాడుకోవడం, పదిమందికీ చూపడం

అమెరికా డాలరులో పదో వంతు విలువ గల వెండి డైమ్ బరువు 2.5 గ్రాములు, అడ్డుకొలత 17.9 మిల్లీమీటర్లు. అంటే అది మన పాత వెండి పావలా కన్నా కాస్త చిన్నది. 1964 వరకు ముద్రించిన డైములలో 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉండేవి. 1965 నాటి చట్టంతో వెండి తొలగిపోయి, రాగికి ఇరువైపులా రాగి, నికెల్ మిశ్రమపు రేకులు అతికిన నాణేలు వచ్చాయి. అమెరికాలో పిల్లలు స్థిరపడిన కుటుంబాలు విశాఖపట్నంలో చాలా ఉన్నాయి కనుక ఇక్కడి సేకర్తలకు పాత డైములు దొరకడం అంత కష్టం కాదు. దొరికిన వాటిలో మేలైన గ్రేడు, అంటే మేలైన స్థితి, గలదేదో పోల్చుకోవడమే కష్టం. చేతులు మారి అరిగిన డైములోనైనా, ముద్రణశాల నుంచి వచ్చినప్పటి మెరుపు చెడని డైములోనైనా ఉండే వెండి దాదాపు 2.25 గ్రాములే. రెండింటి ధరల మధ్య ఎంత తేడా ఉన్నా, ఆ తేడా అంతా ఆ పలచని పైపొరదే. ఈ వ్యాపకంలో తీసుకోవలసిన ప్రతి జాగ్రత్తా ఆ పైపొర కోసమే అన్న సంగతి మొదట గ్రహించాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు 1892 నుంచి 1916 వరకు వచ్చిన బార్బర్ డైముల జోలికి వెంటనే వెళ్ళనవసరం లేదు, ఎందుకంటే వాటిలో అరగని నాణేలు చాలా ఖరీదు. 1946 నుంచి 1964 వరకు వచ్చిన రూజ్‌వెల్ట్ వెండి డైములు చవకే గానీ, కన్ను పదును పెట్టుకోవడానికి మెర్క్యురీ డైమును మించినది లేదని నా అభిప్రాయం. అడాల్ఫ్ వైన్‌మన్ రూపొందించిన ఈ నాణెం 1916 నుంచి 1945 వరకు వెలువడింది. ముందువైపు రెక్కల టోపీ ధరించిన స్వేచ్ఛామూర్తి ముఖం ఉంటుంది. దాన్ని రోమన్ దేవుడు మెర్క్యురీగా జనం పొరబడడం వల్లే ఆ పేరు వచ్చింది. వెనకవైపు కర్రల కట్టను గొడ్డలితో కలిపి కట్టిన రోమన్ అధికార చిహ్నం, దాని చుట్టూ ఆలివ్ కొమ్మ ఉంటాయి. 1940 నుంచి 1945 వరకు వచ్చినవి అరగని స్థితిలో ఇప్పటికీ పుష్కలంగా దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టి, ఏడాదికొక నాణెం చొప్పున మంచివి కొనుక్కోవడం మేలు.

గ్రేడు 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ కొలమానం మీద నిర్ణయిస్తారు. 60, ఆపైన ఉన్నవి చలామణిలో అరగనివి. 65, ఆపైన ఉన్నవాటినే సాధారణంగా ఉన్నతశ్రేణిగా లెక్కిస్తారు. అంకెను నమ్మే ముందు మీ కన్నుతో మీరే చూడాలి. గదిలో మిగిలిన దీపాలు ఆర్పి, ఒకే ఒక బల్బు కింద నాణేన్ని అంచులతో పట్టుకొని నెమ్మదిగా వంచుతూ పోతే, అరగని నాణెం మీద వెలుగు బండిచక్రపు ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. ముద్రణ సమయంలో లోహం అంచుల వైపు పారడం వల్ల ఏర్పడిన సన్నని గీతలే ఆ వెలుగుకు కారణం. బుగ్గ మీద గానీ, రెక్క అంచున గానీ ఆ వెలుగు తెగి బూడిదరంగు మచ్చ కనిపిస్తే అది అరుగుదల. వెలుగు తెగకుండానే బొమ్మ మసకగా ఉంటే అది అచ్చు బలహీనంగా పడిన నాణెం. ఈ రెండింటినీ కలిపేసుకోవడం కొత్తవారిలో తరచుగా కనిపించే పొరపాటు.

ఇక నాణేన్ని తిప్పి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో కర్రల కట్ట నడుమను చూడండి. అక్కడ కట్టను అడ్డంగా చుట్టిన రెండు పట్టీలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య గాడి ఒక చివర నుంచి మరో చివర దాకా ఎక్కడా పూడకుండా, గీటు పడి తెగకుండా స్పష్టంగా ఉంటే ఆ నాణేన్ని ‘ఫుల్ బ్యాండ్స్’ అంటారు. ఈ వెంట్రుకవాసి తేడా ఎంతటిదో తెలియడానికి 1945 ఫిలడెల్ఫియా డైము చాలు. ఆ ఏడాది అక్కడ 15.9 కోట్లకు పైగా నాణేలు ముద్రించినా, పట్టీలు పూర్తిగా విడిన వాటిని మాత్రం ఈ వరుసలోని అతి అరుదైనవాటిలో లెక్కిస్తారు. అందుచేత అదే సంవత్సరపు నాణేలు పది ఎదురైతే పదింటి నడుమనూ చూడకుండా వదలకూడదు.

ముద్రణశాల గుర్తు వెనకవైపే, కింది భాగంలో కర్రల కట్టకు ఎడమ పక్కన ఉంటుంది. డెన్వర్‌కు ‘డి’, శాన్‌ఫ్రాన్సిస్కోకు ‘ఎస్’ అక్షరాలు ఉంటాయి, ఫిలడెల్ఫియాకు ఏ గుర్తూ ఉండదు. 1916లో డెన్వర్‌లో ముద్రించినవి 2,64,000 మాత్రమే కావడంతో, మామూలు 1916 డైముకు ఆ అక్షరాన్ని అతికించి మోసం చేయడం ఎప్పటినుంచో ఉన్నదే. 1942లో 2 కింద 1 కనిపించే నాణేలకూ ఇదే బెడద ఉంది. ఇటువంటి ఖరీదైన వాటిని, నాణేలకు గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థలైన పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ పరీక్షించి, సీలు వేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో తప్ప కొనవద్దు. కొన్నాక ఆ పెట్టె మీది నంబరును ఆ సంస్థ వివరాలతో సరిపోల్చుకోండి. మామూలు వాటికి కురుపాం మార్కెట్ వెండి కొట్లలో వాడే పాటి త్రాసు సరిపోతుంది. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని తెలిసినట్టే. అంచు చుట్టూ రాగి చార కనిపిస్తే అది వెండి డైము కాదు. అయితే గీటురాయి మీద గీయడానికి మాత్రం నాణేన్ని ఎవరికీ ఇవ్వకండి, ఒక్క గీతతో ఉన్నత గ్రేడు పోతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం నూరేళ్ళు నిండిన నాణేలను కూడా పురావస్తువుల నిర్వచనంలో చేర్చింది, పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. మెర్క్యురీ వరుసలో తొలి సంవత్సరాల డైములు ఆ వయసుకు చేరాయి కనుక, వాటిని గ్రేడింగు కోసం అమెరికాకు పంపే ముందు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థను సంప్రదించండి. అందుకే గ్రేడు పొందిన నాణేన్నే కొనడం మేలని నేను చెబుతాను.

విశాఖలో కొనడం కన్నా దాచడం కష్టం. ఉప్పు, తేమ నిండిన గాలి నాణెంలోని రాగిని తినడం మొదలుపెడుతుంది, గాలిలోని గంధక సమ్మేళనాలు వెండిని నల్లబరుస్తాయి. మెత్తగా వంగే పీవీసీ కవర్లు మన ఎండలకు ఆమ్లాన్ని వదిలి, నాణెం మీద ఆకుపచ్చని జిగురును మిగులుస్తాయి. వాటికి బదులు మైలార్ అనే పాలిస్టర్ కవర్లు గానీ, గాలి చొరని గట్టి క్యాప్స్యూళ్ళు గానీ వాడాలి. బిగువైన మూత గల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి, స్టీలు బీరువాలో పెట్టండి. జెల్ గింజల రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టడం వానాకాలంలో తప్పనిసరి. కర్ర పెట్టెలు, రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, నాఫ్తలిన్ ఉండలు దగ్గరికి రానీయకూడదు. ధూపం, కర్పూరం వెలిగించే పూజగది, పోపు పొగ తగిలే వంటింటి గోడ కూడా పనికిరావు.

ఇంట్లో వెండి కుందులను విభూతితోనో చింతపండుతోనో తోమడం మనకు అలవాటు. నాణేనికి ఆ పని చేస్తే మెరుపునిచ్చే సన్నని గీతలు శాశ్వతంగా పోతాయి, అటువంటి నాణేన్ని ఏ పరీక్షకుడూ ఒప్పుకోడు. పసుపు నుంచి ఎరుపు, నీలం దాకా క్రమంగా మారిన సహజ వర్ణం దోషం కాదు, చాలామంది దాని కోసమే వెతుకుతారు. పీవీసీ జిగురు అంటినప్పుడు మాత్రం శుద్ధ అసిటోన్‌లో ముంచి, రుద్దకుండా గాలికి ఆరనివ్వవచ్చు. గోళ్ళరంగు తుడిచే ద్రవం అందుకు పనికిరాదు. అసిటోన్ సులభంగా అంటుకుంటుంది కనుక ఆ పని పొయ్యికి దూరంగా చేయాలి.

ఇంత జాగ్రత్తగా దాచిన నాణేన్ని బీరువాకే పరిమితం చేస్తే మన కన్ను ఒకచోటే ఆగిపోతుంది. గాలిలో తేమ తగ్గే డిసెంబరు, జనవరి నెలల్లో నలుగురైదుగురు సేకర్తలు ఒకరింట్లో కలుసుకోవడం చాలా మేలు చేస్తుంది. బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి, విడి నాణెం చేతులు మారేటప్పుడు ప్రతిసారీ గుడ్డకు అంగుళం ఎత్తులోనే ఉండేలా చూడండి. అంచులతోనే పట్టుకోవాలి, దాని మీదుగా మాట్లాడకూడదు. పడిన ఉమ్మి తుంపర ఆనాడు కనిపించకపోయినా కొన్నాళ్ళకు నల్లని చుక్కగా తేలుతుంది. కాఫీలు, ఫలహారాలు వేరే గదిలో ముగించుకొని, చేతులు కడుక్కొని కూర్చోవడం మంచిది. కొత్తవారికీ పిల్లలకూ అరిగిన 1944 డైమునొకదాన్ని అరచేతిలో పెట్టి తనివితీరా తిప్పి చూడనివ్వండి. నాణెం మీద ప్రేమ స్పర్శతోనే మొదలవుతుంది.

నేర్చుకోవడానికి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. గ్రేడు పొందిన పెట్టెల మీది చీటీలను కాగితంతో కప్పి వరసగా తిప్పుతూ, ప్రతివారూ తమకు తోచిన గ్రేడునూ, పట్టీలు విడినదీ లేనిదీ రాసుకోవాలి. అందరూ రాశాకే కాగితం తీసి, తేడా వచ్చిన నాణేన్ని మళ్ళీ దీపం కిందికి తెచ్చి ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకోవాలి. పెద్దరికానికి తావు లేకుండా చిన్నవారి మాట ముందు వినడం ఇక్కడ అవసరం, ఎందుకంటే అనుభవజ్ఞుడు నోరు తెరిచాక మిగిలినవారి కన్ను ఆయన వెంటే పోతుంది.

దూరాన ఉన్నవారికి ఫోటో పంపేటప్పుడు కెమెరాను నిటారుగా పైన నిలిపి, పైనుంచి రెండు పక్కలా దీపాలుంచి రెండు కోణాల్లో తీయండి, రంగును పెంచకండి. మార్చుకున్నా, అమ్మినా, ఊరికే ఇచ్చినా, ఎప్పుడు ఎవరి వద్ద ఎంతకు కొన్నారో, అసిటోన్‌లో ముంచారో లేదో, ఎక్కడ గీత ఉందో ఒక కాగితం మీద రాసి నాణెంతోపాటే అందించండి. ఆ కాగితాన్ని నాణెం ఉన్న కవరులో కాక విడిగా ఉంచాలి, ఎందుకంటే మామూలు కాగితంలోని ఆమ్లం, గంధకం కూడా వెండిని నల్లబరుస్తాయి.