నెట్‌వర్క్ షేర్‌లో ఫైల్ లాక్ అయిందా? విండోస్, లినక్స్, మ్యాక్ కలిసి వాడేచోట సమస్యలు - పరిష్కారాలు

"ఈ ఫైల్‌ను వేరొకరు వాడుతున్నారు" అని మెసేజ్ వస్తుంది. అడిగితే అందరూ "నేను కాదు" అంటారు. వెంటనే సర్వర్ రీస్టార్ట్ చేయకండి. లాక్ పోవచ్చు గానీ, ఎవరో సేవ్ చేయని పని కూడా పోతుంది. అసలు కారణం తెలియదు కాబట్టి రెండు రోజుల్లో సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఒక తేడా తెలియాలి. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్ తెరిచేటప్పుడే, ఇతరులు దాన్ని చదవొచ్చా, రాయొచ్చా, డిలీట్ చేయొచ్చా అన్నది చెబుతుంది. కాదంటే సిస్టమే అడ్డుకుంటుంది. లినక్స్, మ్యాక్‌లలో లాక్ చాలావరకు మర్యాద మీద నడిచేదే. లాక్ ఉందో లేదో చూసుకోని ప్రోగ్రామ్ నేరుగా రాసేస్తుంది. ఈ రెండు పద్ధతులు ఒకే ఫోల్డర్‌లో కలిసినప్పుడే చిక్కులు మొదలవుతాయి.

సమస్య: ఎవరూ తెరవలేదు, అయినా లాక్ అంటోంది

ముందుగా ఆ ఫోల్డర్‌లో దాగి ఉన్న ఫైళ్లు చూడండి. వర్డ్, ఎక్సెల్ అయితే "~$"తో మొదలయ్యే చిన్న ఫైల్ ఉంటుంది. లిబ్రేఆఫీస్ అయితే ".~"తో మొదలై "#"తో ముగిసే ఫైల్ ఉంటుంది. ప్రోగ్రామ్ క్రాష్ అయితే ఇవి అలాగే మిగిలిపోతాయి. లిబ్రేఆఫీస్ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే తెరిచినవారి పేరు, కంప్యూటర్ పేరు, సమయం కనిపిస్తాయి. వాళ్లు నిజంగా మూసేశారని తేల్చుకున్నాకే డిలీట్ చేయండి.

అలాంటి ఫైల్ లేకపోతే లాక్ సర్వర్ దగ్గరే ఉన్నట్టు. విండోస్ సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడండి. సాంబా (లినక్స్ సర్వర్‌లోని ఫోల్డర్లను విండోస్ వాళ్లకు షేర్ చేసే సాఫ్ట్‌వేర్) అయితే ఎస్ఎంబీస్టేటస్ కమాండ్‌ను పెద్ద ఎల్ ఆప్షన్‌తో నడపండి. ఏ ప్రాసెస్ నంబర్ ఏ ఫైల్‌ను పట్టుకుందో చూపిస్తుంది. ఆ నంబర్ ఏ యూజర్‌దో, ఏ మెషీన్‌దో చిన్న పీ ఆప్షన్‌తో తెలుస్తుంది. సాంబాలో ఒక్కో క్లయింట్‌కు (కనెక్ట్ అయిన మెషీన్‌కు) ఒక్కో ప్రాసెస్ ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క ప్రాసెస్‌ను ఆపితే మిగతావాళ్లకు ఇబ్బంది ఉండదు. ఇది కూడా ఆఖరి మార్గమే. ఫైల్ మీద క్లిక్ చేసి వదిలేసిన ఎక్స్‌ప్లోరర్ ప్రివ్యూ పేన్, మూత మూసేసిన ల్యాప్‌టాప్ లాంటివే తరచుగా దొరికే దోషులు.

సమస్య: ఏ ఎర్రర్ లేదు, కానీ ఒకరి మార్పులు మాయం

అన్నిట్లోకీ ప్రమాదకరమైంది ఇదే, ఎందుకంటే ఎవరికీ వెంటనే తెలియదు. ఒకే ఫోల్డర్‌ను విండోస్ వాళ్లకు సాంబా ద్వారా, లినక్స్ వాళ్లకు ఎన్ఎఫ్ఎస్ (లినక్స్‌లో ఫోల్డర్లు షేర్ చేసే మరో పద్ధతి) ద్వారా ఇచ్చారేమో చూడండి. ఫైల్ తెరిచేటప్పుడు విండోస్ పెట్టే షరతులను సాంబా తన సొంత డేటాబేస్‌లో రాసుకుంటుంది. ఎన్ఎఫ్ఎస్ వైపు ఆ సంగతే తెలియదు. దీనికి తోడు ఆప్‌లాక్ అనే సౌకర్యం వల్ల విండోస్ క్లయింట్ మార్పులను కొంతసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది, అంతవరకు అవతలివాళ్లకు పాత కాపీయే కనిపిస్తుంది.

ఒక ఫోల్డర్‌ను ఒకే ప్రోటోకాల్‌తో (సాంబా లేదా ఎన్ఎఫ్ఎస్, ఏదో ఒక్కదానితో) ఇవ్వడమే నా లెక్కలో సరైన పరిష్కారం. కుదరకపోతే ఆ షేర్ సాంబా సెట్టింగ్స్‌లో ఆప్‌లాక్స్, లెవెల్2 ఆప్‌లాక్స్ రెండింటినీ "నో" చేయండి. వేగం తగ్గుతుంది. పాత కాపీ కనిపించే సమస్య పోతుంది గానీ, ఇద్దరూ ఒకేసారి రాయడాన్ని ఈ సెట్టింగ్ ఆపదు.

సమస్య: షేర్‌లో ఉన్న ఎస్‌క్యూలైట్ "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అంటోంది

ఎస్‌క్యూలైట్ అంటే డేటా మొత్తాన్ని ఒక ఫైల్‌లో పెట్టుకునే చిన్న డేటాబేస్. విండోస్ షేర్‌ను లినక్స్‌లో మౌంట్ చేసినప్పుడు (అంటే కలుపుకుని వాడినప్పుడు) ఇది ఎక్కువ. మౌంట్ ఆప్షన్లలో "నోబీఆర్‌ఎల్" పెట్టమనే సలహా అంతటా దొరుకుతుంది. పెడితే మెసేజ్ ఆగుతుంది, నిజమే. కానీ అప్పటినుంచి లాక్ అభ్యర్థనలు సర్వర్‌కు వెళ్లవు. రెండో మెషీన్ కూడా రాయడం మొదలుపెడితే డేటాబేస్ పాడవుతుంది. ఒక్క మెషీన్ మాత్రమే వాడుతుందంటే సరే. లేదంటే డేటాబేస్‌ను లోకల్ డిస్క్‌లోకి మార్చండి, లేదా నెట్‌వర్క్ కోసమే తయారైన డేటాబేస్ సర్వర్ పెట్టుకోండి. వాల్ మోడ్ (మార్పులను ముందు వేరే ఫైల్‌లో రాసుకునే ఎస్‌క్యూలైట్ పద్ధతి) కూడా ఇక్కడ ఆదుకోదు, అది పనిచేయాలంటే అందరూ ఒకే మెషీన్‌లో ఉండాలి.

సమస్య: ఖాళీ ఫోల్డర్ కూడా డిలీట్ కావడం లేదు

ఫైళ్ల థంబ్‌నెయిల్స్ (చిన్న బొమ్మలు) దాచే, కంటికి కనిపించని థంబ్స్ డాట్ డీబీ ఫైల్‌ను ఎక్స్‌ప్లోరర్ పట్టుకుని ఉంటుంది. నెట్‌వర్క్ ఫోల్డర్లలో థంబ్‌నెయిల్స్ దాచుకోవడాన్ని గ్రూప్ పాలసీలో (విండోస్ అడ్మిన్ సెట్టింగ్స్‌లో) ఆపేయండి.

సమస్య: ఎన్ఎఫ్ఎస్‌లో "నో లాక్స్ అవైలబుల్"

ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 3లో లాకింగ్ పనిని లాక్‌డీ, స్టాట్‌డీ అనే వేరే సర్వీసులు చూస్తాయి. స్టాట్‌డీ నడవకపోయినా, వాటి పోర్టులను ఫైర్‌వాల్ ఆపినా ఈ ఎర్రర్ వస్తుంది. వీలైతే వెర్షన్ 4తో మౌంట్ చేయండి. అందులో లాకింగ్ ప్రోటోకాల్‌లోనే ఉంటుంది, 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు. "నోలాక్" ఆప్షన్‌తో ఎర్రర్ కనబడకుండా పోతుందే తప్ప, మెషీన్ల మధ్య లాకింగ్ ఉండదు.

వెర్షన్ 4 సర్వర్ రీస్టార్ట్ అయ్యాక పాత క్లయింట్లు తమ లాక్‌లను తిరిగి తీసుకోవడానికి కొంత గడువు ఇస్తుంది. లినక్స్‌లో మామూలుగా అది 90 సెకన్లు. అంతవరకు కొత్త లాక్‌లు ఆగుతాయి, ప్రోగ్రామ్‌లు హ్యాంగ్ అయినట్టు కనిపిస్తాయి. టెన్షన్ పడి మళ్లీ రీస్టార్ట్ చేస్తే ఆ గడువు మొదటినుంచి మొదలవుతుంది.