యూఎస్‌బీ పరికరానికి తప్పు డ్రైవర్ అంటుకుంటే సరిచేయడం ఎలా?

ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్టు మీద ఆక్సిజన్ మీటరును ల్యాప్‌టాప్‌కు కలిపినప్పుడు రీడింగు రాకపోతే, వెంటనే విండోస్‌ను మళ్ళీ ఎక్కించే అలవాటు చాలామందికి ఉంది. దాని అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. లోపం చాలావరకు కేబుల్‌లోనో, పరికరంతో విండోస్ మాట్లాడేందుకు వాడే చిన్న సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనో ఉంటుంది.

ముందుగా కేబుల్ మార్చి చూడండి. ఛార్జింగుకే పనికివచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టి ఉంటే తుడవండి. ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే హబ్ వాడకూడదు, నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చాలి.

తరువాత స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తున్న పరికరం ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అందులో వీఐడీ అంటే తయారీదారు సంఖ్య, పీఐడీ అంటే ఆ ఉత్పత్తి సంఖ్య. వీఐడీ 1ఏ86, పీఐడీ 7523 అయితే మీటరును యూఎస్‌బీకి కలిపే చిప్పు సీహెచ్340; 0403, 6001 అయితే ఎఫ్‌టీడీఐ సంస్థ చిప్పు. మీటరు పెట్టె మీది పేరును నమ్మవద్దు, ఈ అంకెలనే నమ్మాలి. వీఐడీ 0000 అని కనిపిస్తే పరికరం తన వివరమే చెప్పుకోలేదని అర్థం. అప్పుడు లోపం సాధారణంగా కేబుల్‌లోనో పరికరంలోనో ఉంటుంది కనుక డ్రైవర్లు వెతకడం వృథా.

అందరూ చెడగొట్టేది తప్పు డ్రైవర్‌ను తొలగించే దశనే. పరికరం పేరుపై రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కగానే వచ్చే చిన్న పెట్టెలో, డ్రైవర్‌ను కూడా తొలగించాలా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెట్టకపోతే జాబితాలోంచి పరికరం పేరు మాత్రమే పోతుంది, డ్రైవర్ విండోస్ నిల్వలోనే ఉండిపోయి, కేబుల్ మళ్ళీ గుచ్చగానే అదే వచ్చి అంటుకుంటుంది. నిల్వలో ఉన్నవాటిలో ఏ డ్రైవర్ డిజిటల్ సంతకం (ఎవరు ఇచ్చారో చూపే ముద్ర) సరైనదో, ఏది ఐడీకి దగ్గరగా సరిపోతుందో విండోస్ ముందు చూస్తుంది. తేదీ, వెర్షన్ అవి సమానమైనప్పుడే లెక్కకు వస్తాయి. అందువల్ల కొత్తది ఎక్కించినంత మాత్రాన పాతది తప్పుకుంటుందని అనుకోకూడదు. ఒకటి తీసేస్తే దాని వెనుక ఉన్న మరొకటి ముందుకు రావచ్చు కాబట్టి, తప్పుడు డ్రైవర్ ఒక్కటీ మిగలకుండా పోయేదాకా టిక్కు పెట్టి తొలగిస్తూనే ఉండాలి. అన్ని డ్రైవర్లనూ ఒకేసారి ఎక్కించే ప్యాకులను నేను కంప్యూటర్ దరిదాపులకు రానివ్వకపోవడానికి కారణం కూడా ఇదే: అవి ఈ నిల్వను అక్కర్లేనివాటితో నింపుతాయి.

ఇలాంటి చిప్పులే చేసే మరో సంస్థ ప్రొలిఫిక్; దాని చిప్పుకు మాత్రం టిక్కు పెట్టకండి. ఆ చిప్పుల్లో పాతవాటిని కొత్త డ్రైవర్ నిరాకరించి, పరికరం మొదలు కాలేదని చెప్పే కోడ్ 10 లోపాన్ని చూపిస్తుంది కనుక, అప్‌డేట్ డ్రైవర్‌లోని జాబితా నుంచి పాత వెర్షన్‌నే ఎంచుకోవాలి.

చివరగా కేబుల్ తీసి ఉంచి, చిప్పు తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను ఎక్కించి, ఆ తరువాతే గుచ్చండి. సీహెచ్340కు సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు కాబట్టి వేరే పోర్టులో గుచ్చితే, విండోస్ దానికి ఇచ్చే కామ్ నంబరు (కామ్3 వంటిది) మారిపోతుంది. ఎప్పుడూ ఒకే పోర్టు వాడి, డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద కనిపించే ఆ నంబరునే మీటరు సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వండి.