లో ఫాడ్‌మాప్ పథ్యంలో ఉన్నారా? ప్యాకెట్ కొనేముందు వెనకవైపు చదవండి

ఐబీఎస్‌కు (కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకం తెచ్చే పేగుల సమస్య) లో ఫాడ్‌మాప్ పథ్యం (పేగుల్లో సరిగా ఇంకకుండా పులిసే కొన్ని రకాల పిండిపదార్థాలను, చక్కెరలను తగ్గించే తిండి) మొదలుపెట్టినవాళ్లు ఇంటి వంటను సులువుగానే సర్దుకుంటారు. ఇబ్బంది వచ్చేదల్లా తిరుపతి బస్టాండులోనో, అలిపిరి దారిలో అంగడి ముందో ఆకలితో నిలబడ్డప్పుడే. అప్పుడు ప్యాకెట్ ముందువైపు రాతలు నమ్మకండి. గ్లూటెన్ ఫ్రీ కారాల్లో శనగపిండి ఉండొచ్చు. హై ఫైబర్ బిస్కెట్లలో చికోరీ వేరు నుంచి తీసిన ఇనులిన్ కలుపుతుంటారు. రెండూ పెద్దపేగులో పులిసి గ్యాసు పుట్టించేవే.

వెనక ఇంగ్రీడియెంట్స్ అని ఉన్నచోట చూడండి. అక్షరాలు కనబడకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. బరువు ఎక్కువున్న సరుకు ముందు, తక్కువున్నది తర్వాత రాస్తారు. ఉప్పు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. దాని తర్వాత వచ్చే గోధుమపిండి, పాలపొడి సాధారణంగా కొంచెమే ఉంటాయి, పెద్దగా భయపడక్కర్లేదు. ఇంగువలో కలిపే మైదా కూడా అంతే.

ఎర్రగడ్డకు, తెల్లగడ్డకు మాత్రం ఈ సడలింపు లేదు. ఎండబెట్టి పొడి చేస్తే నీళ్లు పోయి ఫ్రక్టాన్లు (ఫాడ్‌మాప్‌లలో ఒక రకం) మిగులుతాయి కాబట్టి కొంచెం పొడి కూడా ఎక్కువ లెక్కే. వేడినీళ్లు పోసుకుని తినే అటుకుల ఉప్మా కప్పునే తీసుకోండి. అటుకులు, నూనె, సెనక్కాయలు అని మొదలవుతుంది, అంతవరకూ బాగుంది. నాలుగోదో అయిదోదో ఆనియన్ ఫ్లేక్స్ అని ఉంటే అక్కడే పెట్టేయండి. ఏరి పారేసినా లాభం లేదు, ఫ్రక్టాన్లు నీళ్లలో కరిగి అటుకుల్లోకి దిగిపోయుంటాయి. నూడుల్స్‌లో అయితే గోధుమ ఒక దెబ్బ, మసాలా పొట్లం ఇంకో దెబ్బ. ఆ పొట్లం సరుకులు విడిగా రాసుంటాయి, అవీ చదవాలి.

స్పైసెస్ అండ్ కాండిమెంట్స్ అని మాత్రమే రాసి లోపల ఏముందో చెప్పకపోతే, పథ్యం తొలివారాల్లో వదిలేయడమే మేలు. 'జైన్' అనో 'నో ఆనియన్ నో గార్లిక్' అనో ఉన్నవి వెతకండి, పని సగం తగ్గుతుంది. వాటిలోనూ పప్పులు, శనగపిండి, జీడిపప్పు ఉన్నాయేమో చూడాలి.

షుగర్ ఫ్రీ చాక్లెట్లు, చూయింగ్ గమ్ముల్లో 420, 421, 953, 965, 967 అంకెలు కనబడితే అవి సార్బిటాల్, మానిటాల్, ఐసోమాల్ట్, మాల్టిటాల్, జైలిటాల్ అనే తీపి పదార్థాలు. అన్నీ వద్దు. చక్కెర కలపని పనీర్, చీజ్ అయితే షుగర్స్ గడి చూడండి. 100 గ్రాములకు 1 గ్రాము లోపుంటే లాక్టోజ్ (పాలలోని చక్కెర) దాదాపు లేనట్టే. చిత్తూరు తోతాపురి గుజ్జుతో చేసిన జ్యూసు, మామిడి తాండ్ర మనకు ఎంత ఇష్టమైనా, ఫ్రక్టోజ్ (పండ్లలోని చక్కెర) వల్ల ఈ వారాల్లో పక్కన పెట్టాల్సినవే. తిరుమల లడ్డూలో శనగపిండి, జీడిపప్పు రెండూ ఉన్నాయి. కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోండి, మిగతాది ఇంట్లోవాళ్లకు పంచండి.

ప్యాకెట్ మీద రాసిన సర్వింగ్ సైజుకూ మీరు తినే మోతాదుకూ పొంతన ఉండదు. 30 గ్రాములకు సరిపోయింది 90 గ్రాములకు సరిపోకపోవచ్చు. కొత్త సరుకు ఏదైనా ఒక్కసారికి ఒక్కటే, సగం మోతాదులో తిని, రెండు మూడు రోజులు కడుపు ఎలా ఉందో చూడండి. రెండు నుంచి ఆరు వారాలు దాటినా ఈ కట్టడిలోనే ఉండిపోకండి. మానేసినవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ ఎలా కలుపుకోవాలో డాక్టరునో డైటీషియన్‌నో అడగండి. అదే కంపెనీ, అదే రుచి అయినా కొత్త ప్యాకెట్ కొన్నప్పుడల్లా వెనకవైపు మళ్లీ చదవండి, తయారీలో సరుకులు మారుస్తుంటారు.